రంగు ముందా? పీట ముందా?

మా అక్క కొడుకు నరసరావుపేటలో ఇంజనీరింగు చదువుతున్నాడు. పోయిన వేసవి సెలవుల్లో వాడికి పల్నాటి యుద్ధం పట్టుకుంది. చదవడానికి కాదు, ఆడడానికి. బొటనవేలంత బొమ్మ సైనికుల్ని బల్ల మీద బారులు తీర్చి, టేపుతో దూరం కొలిచి నడిపిస్తూ, పాచికలు వేసి గెలుపోటములు తేల్చే ఆట అది. స్నేహితుడి త్రీడీ ప్రింటర్ మీద నలభై బొమ్మలు తీయించాడు. నిలబడ్డ మనిషి బొమ్మ 28 మిల్లీమీటర్ల ఎత్తు. కత్తీ డాలూ పట్టిన కాల్బలం ముప్ఫై రెండు, గుర్రపు రౌతులు ఎనిమిది. కారెంపూడిలో వీరుల ఉత్సవం మొదలయ్యే కార్తీక అమావాస్య నాటికి నలభైకీ రంగులేసి, నాగులేటి ఒడ్డుని ఓ చెక్క మీద పరిచి, ఇంటిల్లిపాదికీ చూపించాలని వాడి కోరిక.

జూన్ దాటింది. బొమ్మలు అట్టపెట్టెలోనే ఉన్నాయి. రంగుల సీసాల మూతలు తియ్యలేదు. ఏమైందిరా అంటే ఫోన్లో వాడి గొంతు నీరసంగా వచ్చింది.

"మావయ్యా, ముందు రంగెయ్యాలా, ముందు పీట అంటించాలా? ఒక్కోరు ఒక్కో మాట చెబుతున్నారు. అది తేలక మొదలెట్టలా."

పీట అంటే బొమ్మ కాళ్ల కింద ఉండే గుండ్రటి బిళ్ల. కుర్రాళ్లు బేస్ అంటారు. బొమ్మ పడిపోకుండా నిలబెట్టేది అదే. దాని మీద ఇసుకో మట్టో అంటించి నేలలా కనపడేట్టు చేస్తారు. ముందు పీట అంటిస్తే కాళ్ల మధ్యకి కుంచె దూరదని కొందరు, ముందు రంగేస్తే తర్వాత అంటించే ఇసుకా జిగురూ ఆ రంగుని పాడుచేస్తాయని ఇంకొందరు. రెండూ నిజమే. రెండూ నిజమైనప్పుడే మనిషి కదలకుండా కూర్చుంటాడు. వాడు ఆరు వారాలు అలా కూర్చున్నాడు.

నేను ఈ ప్రశ్నని పిల్లల ఆట ప్రశ్నగా కొట్టిపారెయ్యలేకపోయాను. ఏది ముందు, ఏది తర్వాత అన్న చోట ఆగిపోయిన పెద్దవాళ్లని, చదువుకున్నవాళ్లని, పది ఎకరాల రైతుల్ని చాలామందిని చూశాను. మనలో చాలామందికి పని చేతకాక కాదు, వరస తెలియక ఆగిపోతుంది. వరస పట్టుకునే పద్ధతి ఒకటి ఉంది. అది ఆ బొమ్మల్లోనే దొరుకుతుంది.

పూర్వం ఈ చిక్కు లేదు. ఇంగ్లండు రచయిత హెచ్.జి.వెల్స్ 1913లో ‘లిటిల్ వార్స్’ అని బొమ్మ సైనికులతో ఆడే యుద్ధానికి నియమాల పుస్తకం రాశాడు. అప్పటి సీసపు సైనికులు కాళ్ల కింద పీటతో కలిపే పోతపోసి, ఫ్యాక్టరీలోనే రంగేసి వచ్చేవి. కొన్నవాడు ఆడుకోవడమే. 1980ల్లో గాడి ఉన్న ప్లాస్టిక్ పీటలు విడిగా రావడం మొదలైంది. రంగు కూడా కొన్నవాడే వేసుకోవాలి. స్వేచ్ఛ పెరిగింది, దానితో పాటు ఏది ముందన్న ప్రశ్న పుట్టింది. మన జీవితాలూ అలాగే మారాయి. తాత చేసిన పనే తండ్రి, తండ్రి చేసిన పనే కొడుకు చేసిన రోజుల్లో వరస ఇంట్లోనే ఉండేది. ఇప్పుడు పీట విడిగా, బొమ్మ విడిగా, రంగు విడిగా మన చేతికొస్తున్నాయి.

ఈ ప్రశ్నకి జవాబు మన రాష్ట్రంలోనే రెండు ఊళ్లలో, రెండు రకాలుగా, తరతరాల నుంచీ ఉంది.

కృష్ణ దాటి విజయవాడ పక్కనున్న కొండపల్లికి వెళ్లండి. అక్కడ తెల్ల పొణికి కర్రతో బొమ్మలు చేస్తారు. అంబారీ ఏనుగు తీసుకోండి. ఒళ్లు విడిగా, తొండం విడిగా, చెవులు విడిగా, పైన కూర్చునే మనిషి విడిగా చెక్కుతారు. చింతగింజల పిండీ రంపపు పొట్టూ కలిపి మక్కు అనే ముద్ద చేసి దానితో ముక్కలన్నీ అతుకుతారు. అతుకులు ఆరాక ఆకురాయితో రాసి నునుపు చేస్తారు. పైన సున్నం పూత. ఆ తర్వాతే రంగు. అంటే నిలబెట్టడం ముందు, రంగు చివర.

ఇక అనకాపల్లి జిల్లాలో వరాహనది ఒడ్డున ఏటికొప్పాక. అక్కడ అంకుడు కర్ర. దాన్ని తరిణికి బిగించి తిప్పుతూ ఉలితో బొమ్మ ఆకారం తీస్తారు. ఇంకా అది గిర్రున తిరుగుతుండగానే రంగు కలిపిన లక్క కడ్డీని ఆనిస్తారు. ఆ రాపిడి వేడికి లక్క కరిగి కర్రకి పట్టుకుంటుంది. మొగలి ఆకుతో ఒత్తితే మెరుపొస్తుంది. అప్పుడు చివర్న బొమ్మని కర్ర నుంచి కోసి వేరు చేస్తారు. అంటే రంగు ముందు, బొమ్మ తన కాళ్ల మీద నిలబడేది చివర. అక్కడ చెట్ల నుంచీ గింజల నుంచీ తీసే సహజ రంగుల్ని మళ్లీ నిలబెట్టినందుకు సి.వి.రాజు గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది.

ఒకే రాష్ట్రం, రెండూ కర్ర బొమ్మలే, వరస మాత్రం తలకిందులు. ఎవరు తప్పు? ఎవరూ కాదు. కొండపల్లిలో అతుకు వేశాక ఆకురాయి పడాలి. ఆకురాయి పడితే రంగు నిలవదు. అందుకే రంగు ఆగుతుంది. ఏటికొప్పాకలో బొమ్మ తరిణి దిగిందంటే ఇక తిరగదు. తిరగకపోతే వేడి పుట్టదు, వేడి లేకపోతే లక్క పట్టదు. అందుకే రంగు ముందుకొస్తుంది. ఇద్దరూ అడుగుతున్నది ఒకటే ప్రశ్న: ఈ పని దాటిపోతే మళ్లీ చెయ్యి అందని చోటు ఏది? అక్కడ ముందు చెయ్యి పెడతారు. దేని మీద దుమ్మూ జిగురూ పడబోతున్నాయో దాన్ని వెనక్కి నెడతారు.

నేను మా వాడికి చెప్పింది ఇదే. తర్వాత చెయ్యి అందని చోటు ముందు. గలీజయ్యే పని ముందు. తాకితే చెడేది చివర. ఈ మూడూ పట్టుకుని నలభై బొమ్మల్నీ ఒక్కసారి చూడమన్నాను.

చూస్తే ప్రశ్నే మారిపోయింది. కాలినడకన నిలబడ్డ ముప్ఫై రెండు మందికి ఒంటి చుట్టూ అన్ని వైపులా కుంచె అందుతుంది. వాళ్లని ముందే పీట మీద అంటించి, ఫెవికాల్ రాసి ఇసుక చల్లి, ఆరాక బొమ్మకీ పీటకీ కలిపి ఒకేసారి ప్రైమర్ కొట్టుకోవచ్చు. పీట పట్టుకునేందుకు కూడా పనికొస్తుంది. దాన్ని ఓ సీసా మూతకి అంటిస్తే చెయ్యి బొమ్మకి తగలదు. గుర్రాల సంగతి వేరు. రౌతుని గుర్రం మీద అతికించేస్తే జీను కనపడదు, తొడ లోపలి వైపు కనపడదు, గుర్రం పొట్ట కింద చీకటి. రౌతుని విడిగా రంగేసి తర్వాత ఎక్కించాలి. డాలు రొమ్ముకి అడ్డంగా ఉన్నవాళ్లకి డాలు విడిగా ఉంచాలి. రంగు కూడా మనిషి బట్టలు కట్టుకునే వరసలోనే: ముందు ఒళ్లు, తర్వాత పంచె, దాని మీద దట్టీ, చివర కత్తి. లోపలిది ముందు, బయటిది తర్వాత. పీట మీద గడ్డి పోచలుంటాయి చూశారా, అవి అన్నిటికన్నా ఆఖరు. వార్నిష్ కూడా కొట్టాక. ముందే అంటిస్తే వార్నిష్ పడి గడ్డి బిరుసెక్కిపోతుంది.

"అయితే మావయ్యా, రంగా పీటా అని కాదు, ఏ బొమ్మకి ఏదని అడగాలన్నమాట."

అంతే. ఆరు వారాలు వాణ్ణి ఆపింది తప్పుగా అడిగిన ప్రశ్న.

ఈ నేల మీద పుట్టినవాళ్లకి ఇది కొత్త విద్య కాదు. పత్తి తీసే ఆడవాళ్లని గమనించండి. మంచు ఆరే దాకా చేలోకి దిగరు. తడి పత్తి సంచిలో పడితే రంగు తిరుగుతుందని తెలుసు. మొక్క దగ్గర వంగినప్పుడు తెలిసిన చెయ్యి ముందు కింది కాయల దగ్గరికి పోతుంది, తర్వాత పైకి. ఎందుకు? పైనుంచి మొదలెడితే కొమ్మ కదిలి ఎండాకు పొడి కింద విచ్చుకున్న పత్తి మీద రాలుతుంది. దూదికి ఆకు ముక్క పట్టిందంటే విడదియ్యడం ఎవరి వల్లా కాదు. మెత్తటి దూది మీద దుమ్ము పడేలోపు దాన్ని తీసేసుకోవాలి. బొమ్మ చెప్పిందీ ఇదే, పత్తి చేను చెప్పిందీ ఇదే.

మిరప కల్లంలోనూ అంతే. కాయ కోశాక ముందు ఎండాలి. తేమ పది, పదకొండు శాతానికి దిగాలి. ఆ తర్వాత తాలు కాయలు ఏరాలి. ఆ తర్వాత బస్తాలకెత్తి మిర్చి యార్డుకో కోల్డ్ స్టోరేజీకో పంపాలి. ధర బాగుందని వినగానే పచ్చి ఆరకుండా బస్తాలకెత్తిన రైతు ఎంత నష్టపోతాడో గుంటూరు యార్డు చూసినవాళ్లకి చెప్పక్కర్లేదు. బస్తా కుట్టాక లోపలున్న కాయకి ఎండ తగిలించలేం. చెయ్యి అందదు. లోపల బూజు పడుతుంది. కుట్టుకి పది నిమిషాలు. ఎండకి రోజులు కావాలి. ఆ రోజుల్ని ముందే ఇవ్వాలి.

ఇల్లు కట్టినవాళ్లకి ఇంకో ఉదాహరణ అక్కర్లేదు. గోడకి సిమెంటు పూత అయిపోయాక, సున్నం వేశాక, అప్పుడు గుర్తొస్తుంది వంటింట్లో మిక్సీకి ప్లగ్గు లేదని. మళ్లీ గోడ కొట్టాలి. పైపు రెండొందలు, గాడి కొట్టి పూడ్చి రంగేసే ఖర్చు దానికి పదింతలు. ఆ మచ్చ ఎన్నటికీ పోదు. గోడలోకి పోయేవన్నీ పూతకి ముందే. ఇది మేస్త్రీకి తెలుసు. మనకి మన బతుకుల్లో మాత్రం గుర్తుండదు.

బతుకులో గోడలోకి పోయే పైపులు ఏవి? మాటలు. ముందు చెప్పాల్సిన మాటలు.

పెళ్లి కుదిరింది. ఇంటి మీద ఎనిమిది లక్షల అప్పుంది. శుభలేఖలు అచ్చయ్యాక చెబుదామని ఆగారు. అచ్చయ్యాక పెళ్లయ్యాక చెబుదామనుకున్నారు. పెళ్లయ్యాక ఆ మాట చెప్పే వీలు ఎక్కడుంది? అప్పటికి అది అప్పు కాదు, దాచిపెట్టిన విషయం. అదే మాట మొదటి రోజు చెబితే రెండు వైపులా కూర్చుని లెక్క వేసుకునేవాళ్లు. సంబంధం పోతుందేమో, పోవచ్చు. పోతే పీట దగ్గరే పోతుంది, రంగులన్నీ వేశాక కాదు.

కౌలు చూడండి. మన జిల్లాల్లో పత్తీ మిరపా ఎంతో భాగం కౌలు మీదే నడుస్తున్నాయి. మిరప ఎకరానికి పెట్టుబడి లక్షల్లో ఉంటుంది. అయినా ఎంతమంది మాట మీదే చేలోకి దిగిపోతున్నారు! 2019లో పంట సాగుదారు హక్కుల చట్టం వచ్చింది. పదకొండు నెలలకి పత్రం రాసుకోవచ్చు. భూమి హక్కు యజమానిదే, పంట మీద హక్కు సాగుచేసేవాడిది. బ్యాంకు అప్పుకీ, బీమాకీ, పంట పోతే వచ్చే సాయానికీ ఆ కాగితమే ఆధారం. ఆ చట్టం ప్రకారం దానికి యజమాని సంతకం కావాలి. ఆ సంతకం అడగాల్సిన రోజు దుక్కి దున్నకముందు రోజు. నారు నాటాక అడిగితే కౌలుదారుడి చేతిలో బలం లేదు, పెట్టుబడి అప్పటికే మట్టిలో ఉంది. మొహమాటపడి ఆ మాట వాయిదా వేసినవాణ్ణి నేను తప్పుపట్టను, వాడి అవసరం అలాంటిది. కానీ వాయిదా వేసిన కొద్దీ చెయ్యి అందే దూరం పెరుగుతూ పోతుంది. అడగడానికి ఇబ్బందిగా ఉండే మాటే సాధారణంగా ముందు అడగాల్సిన మాట.

ఉద్యోగంలోనూ ఇదే. కొత్త కంపెనీలో చేరేటప్పుడు జీతం ఎంత, పని గంటలు ఎన్ని, బాండు ఉందా లేదా అన్నవి చేరకముందు అడిగితే ప్రశ్నలు. చేరాక అడిగితే ఫిర్యాదులు. నలుగురు కలిసి ఎరువుల కొట్టు పెడుతున్నప్పుడు ఎవరి వాటా ఎంత, ఒకడు మధ్యలో తప్పుకుంటే ఏంటన్నది రిబ్బను కట్ చెయ్యకముందు రాసుకోవాలి. బోర్డు మీద పేర్లు ఏ వరసలో రాయించాలన్న దాని మీద వారం చర్చిస్తారు. ఈ కాగితానికి గంట దొరకదు.

ఎందుకిలా జరుగుతుంది? రంగు కనపడుతుంది కాబట్టి. పీట మీద ఇసుక అంటించినందుకు ఎవరూ మెచ్చుకోరు. కత్తికి వెండి రంగేస్తే అందరూ చూస్తారు. మనసు మెప్పు ఉన్న వైపే పరిగెడుతుంది. పోటీ పరీక్షకి కూర్చున్న పిల్ల మొదటి వారమంతా టైం టేబుల్‌కి నాలుగు రంగుల పెన్నులతో గీతలు గీస్తుంది. గోడకి అంటిస్తుంది. ఫొటో తీసి స్నేహితులకి పంపుతుంది. స్కూలు లెక్కల్లో శాతాలు రావు, ఆ సంగతి ఆమెకి తెలుసు. ఆ పుస్తకం మాత్రం తియ్యదు. తమ్ముడి పుస్తకం తీస్తే చిన్నతనం అనిపిస్తుంది. అమ్మాయ్, తియ్యి. ఒక్కదానివే ఉన్నప్పుడు తియ్యి. నాలుగు నెలల తర్వాత మాక్ టెస్టుల గోలలో ఆ శాతాల దాకా నీ చెయ్యి అందదు.

దీనికి పూర్తిగా ఎదురుగా ఇంకో రోగం ఉంది, దాని గురించి ఎవరూ హెచ్చరించరు. పీట దగ్గరే ఉండిపోవడం. గుంటూరు బ్రాడీపేటలో ఓ చిన్న గదిలో ఏళ్ల తరబడి పునాది వేసుకుంటూనే ఉన్న కుర్రాళ్లు నాకు తెలుసు. ఇంకో కోచింగు, ఇంకో మెటీరియలు, ఇంకోసారి బేసిక్సు. వాళ్లు బద్ధకస్తులు కాదు. చాలా కష్టపడతారు. తయారీలో ఓటమి ఉండదు కదా, అందుకని అక్కడే ఉండిపోతారు. కుంచె ముంచితేనే చెయ్యి వణుకుతుంది. ఒక్క రాత పరీక్ష రాస్తేనే ఎక్కడ తక్కువైందో తెలుస్తుంది. పీట మీద ఇసుక ఒక పొర చాలు. రెండో పొర వేస్తే బొమ్మ మడమలు పూడిపోతాయి.

ఎంత తయారీ చాలో ఎలా తెలుస్తుంది? ఒక్క బొమ్మ పూర్తిగా చేసి చూడాలి. మా వాడికి ఇది నేను గట్టిగా చెప్పాను. నలభైకీ ఒకేసారి పీటలు అంటించొద్దు. ఒక్కణ్ణి తీసుకో, మొదటి నుంచి వార్నిష్ దాకా చెయ్యి, ఎక్కడ కుంచె ఆగిందో రాసుకో, రెండోవాడికి వరస మార్చు. మూడోవాడికి వరస కుదురుతుంది. అప్పుడు ఎనిమిదేసి మందిని కలిపి చెయ్యి. మంచి రైతు కొత్త మిరప విత్తనం వచ్చిందంటే మొత్తం చేనుకీ వేసెయ్యడు, పావెకరంలో వేసి చూస్తాడు. లాం పరిశోధన కేంద్రం వాళ్లు ఓ రకాన్ని విడుదల చేసే ముందు ఏళ్ల తరబడి చిన్న మళ్లలో చూస్తారు. మనం మాత్రం బతుకుని పెద్ద మళ్లలోనే పరీక్షిస్తాం. ఊరు మారాలనుకుంటే నెలరోజులు అక్కడ అద్దెకుండి చూడొచ్చు. ఉద్యోగం మాని వ్యాపారం పెట్టాలనుకుంటే ఆరు ఆదివారాలు ఆ పని చేసి చూడొచ్చు. ఆరో ఆదివారానికి ఏది ముందో ఆ పనే చెబుతుంది.

ఇంకొక్కటి. అన్ని పనులూ ఒకదాని వెనక ఒకటి రావాలనే నియమం లేదు. మిరప నారు మడిలో ఆరు వారాలు పెరుగుతుంది. ఆ ఆరు వారాలూ రైతు ఊరికే కూర్చోడు, అసలు చేనుని దున్ని, పశువుల ఎరువు తోలి, సాళ్లు తీసి ఉంచుతాడు. నారు ఎదిగే రోజుకి చేను సిద్ధం. జిగురు ఆరేలోపు ఇంకో బొమ్మకి రంగు. సర్టిఫికెట్టు కోసం దరఖాస్తు పెట్టి అది వచ్చే దాకా ఎదురుచూస్తూ ఏమీ చెయ్యకుండా గడిపే నెలలు ఎన్ని ఉన్నాయో మీ పోయిన ఏడాదిలో లెక్కపెట్టండి. ఆరడానికి టైం పట్టే పనిని పొద్దున్నే మొదలుపెట్టేసి వదిలెయ్యాలి. అది దానంతట అది ఆరుతుంటే మన చేతులు ఖాళీ.

చోటుని బట్టి, కాలాన్ని బట్టి కూడా వరస మారుతుంది. ఎక్కడో చల్లటి దేశంలో కూర్చుని చెప్పే సలహా పల్నాటి ఎండలో పనిచెయ్యదు. ఇక్కడి రెంటచింతల ఎండ గురించి రాష్ట్రమంతా చెప్పుకుంటుంది. ఆ ఎండలో యాక్రిలిక్ రంగు కుంచె మీదే ఆరిపోతుంది. మా వాడు మధ్యాహ్నాలు రంగు జోలికి పోవడం మానేసి ఇసుక అంటించే పని పెట్టుకున్నాడు, ఎండకి గంటలో ఆరిపోయేది. రంగు పని తెల్లవారుజామున. వాన కురిసి గాలి చెమ్మగా ఉన్న రోజు స్ప్రే ప్రైమర్ కొట్టడు, కొడితే బొమ్మ ఒంటి మీద బూడిద రాసినట్టు గరుకు తేలుతుంది. ఎవరి సలహా విన్నా, ఆ సలహా ఏ ఎండలో పుట్టిందో అడగండి. బెంగుళూరులో అన్నయ్య ఇల్లు కొన్న వరస మీకు నప్పకపోవచ్చు. ఆయన జీతం వేరు, ఆయన నేల వేరు.

నేల అంటే గుర్తొచ్చింది. వాడు చేసిన ఓ తప్పు నాకు చాలా నచ్చింది. పల్నాటి యుద్ధానికి పల్నాటి మట్టే ఉండాలని పట్టుబట్టి, తాతగారి పత్తి చేలోంచి నల్లరేగడి తెచ్చి, నీళ్లు కలిపి ఆరు పీటల మీద మెత్తాడు. సాయంత్రానికల్లా నెర్రెలిచ్చింది. ఇస్తుంది మరి. రేగడిలో మాంట్‌మోరిల్లొనైట్ అనే బంకమట్టి ఉంటుంది, తడిస్తే ఉబ్బుతుంది, ఆరితే ముడుచుకుంటుంది. వేసవిలో మన చేలల్లో చెయ్యి దూరేంత నెర్రెలు అందుకే. ఆ గుణమే ఇళ్ల గోడల్ని కూడా చీలుస్తుంది కాబట్టి రేగడి నేలలో పునాది లోతుగా దింపుతారు. పెచ్చులు లేచి రెండు బొమ్మల పాదాల రంగు కూడా ఊడింది, ఎందుకంటే ఆ రెండింటికీ వాడు రంగు ముందేశాడు. మిగతా నాలుగింటికి ప్రైమర్ కూడా పడలేదు కాబట్టి నష్టం లేదు. పలచగా కలిపిన ఫెవికాల్ నీళ్లు చుక్కలు చుక్కలుగా నెర్రెల్లోకి వదిలితే మట్టి గట్టిపడింది. ఆరాక పొడి కుంచెతో బూడిదరంగు అలా అలా తాకిస్తే అచ్చం ఏప్రిల్ నెల చేను. మట్టిని జల్లెడ పట్టి, ఇసుక కలిపి, జిగురుతో తడిపి, ఆ తర్వాతే మెత్తడం వాడి వరసలో ఇప్పుడు మొదటి పని. ఆ వరస ఏ పుస్తకంలోనూ లేదు. రెండు బొమ్మల పాదాలు ఖర్చుపెట్టి కొనుక్కున్నాడు, చవకే.

ఆగస్టు వచ్చేసరికి పద్దెనిమిది మంది పూర్తయ్యారు. మొదట రంగేసింది బ్రహ్మనాయుణ్ణీ కాదు, బాలచంద్రుణ్ణీ కాదు, కన్నమదాసుని. ఎందుకురా అన్నాను. "సేనాపతి గదా మావయ్యా, ఆయన నిలబడితే మిగతావాళ్లు ఆయన వెనక నిలబడతారు" అన్నాడు. బ్రహ్మనాయుడు చాపకూడు పంక్తిలో కన్నమదాసుతో సహా అన్ని కులాలవాళ్లనీ కూర్చోబెట్టిన కథ మా అక్క వాడికి చిన్నప్పుడే చెప్పింది. బహుశా అదీ కారణం.

కారెంపూడి ఉత్సవం అయిదు రోజులు. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు. నేను కోడిపోరు రోజుకి వాళ్లింటికి వెళ్లాను. ముందు గదిలో టీపాయి మీద నాలుగడుగుల చెక్క. దాని మీద నెర్రెలు బారిన నేల, నేల మీద ముప్ఫై రెండు మంది నిలబడి ఉన్నారు. గుర్రాలు ఎనిమిదీ ఉన్నాయి, రౌతులు ఐదుగురే ఎక్కారు. మిగతా ముగ్గురూ సీసా మూతల మీద విడిగా నిలబడి ఉన్నారు, తొడల లోపలి వైపు రంగు ఇంకా ఆరలేదట. ఓ మూల తగలబడుతున్న గుడిసె, దాని మీద పొగలా విప్పిన దూది. తాతగారి చేలో ఈ ఏటి మొదటి తీతలోది.

చెక్క మధ్యలో జానెడు వెడల్పున గోధుమరంగు చాలు ఒకటి వంకర తిరుగుతూ పోయింది. ఒడ్డున రాళ్లు పేర్చి ఉన్నాయి.

"ఇదేంట్రా, నాగులేరు ఎండిపోయిందా?"

"లేదు మావయ్యా. నీళ్లు రెజిన్‌తో పొయ్యాలి. ఒక్కసారి పోశామంటే అడుగున చెయ్యి పెట్టలేం. చేపలు చెయ్యలా ఇంకా."